సిక్సుకూ తిట్టుకూ ఒకే మాట

మొన్న ఈద్ అయిన మూడో రోజు మా రామారెడ్డిలో పోరగాళ్లు టెన్నిస్ బాల్ మ్యాచ్‌లు పెట్టుకున్నారు. చందాలేసుకుని ఒక మైకు, రెండు బాక్సులు కిరాయికి తెచ్చారు. కామెంటరీ నా భాంజాది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ కలిపి దంచుతాడు. బంతి గీత అవతల పడితే చాలు, "యే లగా ఛక్కా!" అని గ్రౌండు దద్దరిల్లేలా అరుస్తాడు. నేను వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని చాయ్ మీద చాయ్ తాగుతున్నా.

కాసేపటికి లాంగాన్‌లో నిలబడ్డ ఒక పిల్లగాడు క్యాచ్ వదిలేశాడు. పదిహేనేళ్లు ఉంటాయేమో. నడక మెత్తగా ఉంటుంది, గొంతు సన్నగా ఉంటుంది. మా భాంజా మైకులో మళ్లీ అదే మాట అన్నాడు. ఈసారి బంతిని కాదు, పిల్లగాణ్ణి. గ్రౌండంతా నవ్వింది. నేను నవ్వలేదని రాసుకోవచ్చు, ఎవరు చూడొచ్చారు? కానీ నా పెదాలు కూడా కదిలాయి. ఆ నవ్వు నాకు పాతది. పదిహేనేళ్ల కిందటిది.

2009లో మన డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ కప్పు గెలిచింది. కెప్టెన్ గిల్‌క్రిస్ట్, వికెట్ కీపర్. ఆ మరుసటి ఎండాకాలం మా దిక్కు గల్లీకో గిల్‌క్రిస్ట్ పుట్టాడు. నిజంగా కీపింగ్ వచ్చినవాడు మాత్రం మా జట్టులో ఒక్కడే, మా మొహల్లా ఖాలా కొడుకు. పేరు రాయను. వట్టి చేతులతో స్టంప్స్ వెనక నిలబడితే బంతి వాడి చేతిలోకి ఇంటికి వచ్చినట్టు వచ్చేది. కామారెడ్డిలో ఒక టోర్నమెంట్‌లో మేం సెమీ ఫైనల్ దాకా పోయామంటే సగం ఆ చేతుల పుణ్యమే. కెప్టెన్‌ని నేను.

సెమీస్ ముందు రోజు రాత్రి ఇషా అయ్యాక నలుగురు నా దగ్గరికి వచ్చారు. "వాణ్ణి తోల్కపోతే అవతలోళ్లు మనల్నందర్నీ అదే మాట అంటున్నరు భాయ్. ఆటోల పక్కకు కూసోవాల్నంటే శర్మ్ అయితుంది" అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. కెప్టెన్‌కు జట్టు కలిసి ఉండటం ముఖ్యం కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా. పొద్దున వాడింటికి పోయి, ఈ మ్యాచ్‌కు వేరేవాళ్లకు చాన్స్ ఇస్తున్నం అన్నా. వాడు ఒక్కటే అడిగాడు: "కీపింగ్‌ల ఏమన్న గల్తీ అయ్యిందా భాయ్?" లేదన్నా. ఇగ ఏమీ అడగలేదు. ఆ మ్యాచ్‌లో బైల కిందనే పదకొండు పరుగులు ఇచ్చి ఓడిపోయాం. గెలిచి ఉన్నా అది నాఇన్సాఫీయే, అందుకే ఆ పదకొండు పరుగుల లెక్క నేను ఎక్కువ చెప్పను.

వాడు మళ్లీ గ్రౌండుకు రాలేదు. రెండేళ్లకు మస్కట్ పోయాడు.

ఇంతకీ వాడు ఏమిటి? వాడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడగకుండానే ఫైసలా చేసేశాం. మన నోట్లో ఉన్న ఆ ఒక్క మాటలో ఎంతమందిని కుక్కేస్తామో చూడండి. హిజ్రాగా బతికే మనిషి ఒకరు. మగవాడై ఉండి మగవాడి మీద మనసు పోయే మనిషి, ఇంగ్లిష్‌లో గే అంటారే, వాళ్లు వేరే. గొంతు సన్నగా ఉండి, పెళ్లై నలుగురు పిల్లలున్న మనిషి ఇంకా వేరే. క్యాచ్ వదిలేసిన పదిహేనేళ్ల పిల్లగాడు వీళ్లెవరూ కాదు. అందరికీ ఒకే మాట, పైగా అదే మాట సిక్సుకు కూడా. ఒక పిల్లవాడు గ్రౌండులో ఆ మాట వినగానే అది బంతికా తనకా అని తల తిప్పి చూసుకోవాల్సి వస్తుందంటే, వాడు ఆట మీద ఏం ధ్యాస పెడతాడు?

ఇది మా రామారెడ్డి గొడవ మాత్రమే కాదు. ఇండియా తరఫున ఆడిన మగ క్రికెటర్లలో ఒక్కరు కూడా ఇప్పటిదాకా "నేను గే" అని బయటికి చెప్పలేదు. ఇన్ని వందల మంది ఆడారు. అందులో ఒక్కరూ లేరంటే నమ్మేవాళ్లు నమ్మండి. ఇంగ్లండ్‌లో స్టీవెన్ డేవిస్ 2011 ఫిబ్రవరిలో చెప్పాడు. ఆయనా వికెట్ కీపరే, అందుకే ఆ పేరు చదివినప్పుడు నాకు మా ఖాలా కొడుకు గుర్తొచ్చాడు. అంతర్జాతీయ క్రికెట్ ఆడుతూ ఆ మాట చెప్పిన మొదటి మగవాడు ఆయనే. జట్టువాళ్లకు అంతకుముందే తెలుసు. ఆ తర్వాత కూడా కౌంటీ క్రికెట్‌లో ఏళ్ల తరబడి కీపింగ్ చేశాడు, పరుగులు చేశాడు, ఆకాశం ఊడిపడలేదు.

అందరికీ అంత సులువుగా జరగలేదు. జస్టిన్ ఫషాను అని ఇంగ్లండ్‌లో నల్లజాతి ఫుట్‌బాలర్. 1981లో పది లక్షల పౌండ్లకు క్లబ్ మారాడు, ఒక నల్ల ఆటగాడికి అంత ధర పలకడం అదే మొదలు. 1990లో తాను గే అని పత్రికకు చెప్పాడు. సొంత తమ్ముడు, వాడూ ఫుట్‌బాలరే, వీడితో నాకు సంబంధం లేదన్నట్టు బహిరంగంగా మాట్లాడాడు. స్టేడియాల్లో జనం ఏమేం అరిచేవాళ్లో ఇక్కడ రాయలేను. 1998లో ఫషాను ప్రాణం తీసుకున్నాడు. ముప్పై ఏడేళ్లు. బ్రిటన్‌లో ఇంకో మగ ఫుట్‌బాలర్ ఆట ఆడుతూనే ఆ మాట చెప్పడానికి 2022 మే దాకా ఆగాల్సి వచ్చింది. బ్లాక్‌పూల్ క్లబ్ పిల్లవాడు జేక్ డేనియల్స్, అప్పటికి పదిహేడేళ్లు. మధ్యలో ముప్పై రెండేళ్ల ఖామోషీ. ఆ ఖామోషీలో ఎంతమంది ఆడి, ఎంతమంది ఆట వదిలేశారో అల్లాహ్‌కే తెలుసు.

మన హైదరాబాద్ దాకా వస్తే ద్యుతీ చంద్ ఉంది. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా చేనేత ఇంటి పిల్ల. 2014లో ఆమె ఒంట్లో మగవాళ్ల హార్మోన్ ఎక్కువుందని కామన్వెల్త్ గేమ్స్‌కు పోకుండా ఆపేశారు. ఇంట్లో తలెత్తుకోలేని ఆ రోజుల్లో ఆమెకు జాగా ఇచ్చింది హైదరాబాదే. పుల్లెల గోపీచంద్ తన అకాడమీలో ఉండనిచ్చారు, కోచ్ నాగపురి రమేశ్ పరుగెత్తించారు. 2015లో స్విట్జర్లాండ్‌లోని క్రీడల కోర్టు ఆ నియమాన్ని పక్కన పెట్టాక ఆమె రియో ఒలింపిక్స్ ఆడింది, 2018 ఏషియన్ గేమ్స్‌లో రెండు సిల్వర్లు తెచ్చింది. 2019 మేలో, మా ఊరి అమ్మాయితోనే నా జీవితం అని దేశమంతటికీ చెప్పింది. సరదాకు చెప్పలేదు. ఇంట్లోవాళ్లే బెదిరించడంతో చెప్పాల్సి వచ్చిందని ఆమే అన్నది. సొంత తల్లి, అక్క కెమెరాల ముందు వ్యతిరేకంగా మాట్లాడారు. రెండు నెలలు కాకముందే ఇటలీలో వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్‌లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరుగెత్తి గోల్డ్ కొట్టింది. తర్వాత డోపింగ్ కేసులో నాలుగేళ్ల నిషేధం పడింది, అది వేరే ఖాతా. దాన్ని తెచ్చి దీనికి అంటించేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ద్యుతీ కథలో నాకు పట్టుకున్నది ఒకటుంది. ఆమెది ఒంటరి ఆట. గడియారం గీబత్ చేయదు. 11.32 అంటే 11.32, నువ్వెవరిని ప్రేమిస్తున్నావని స్టాప్‌వాచ్ అడగదు. జట్టు ఆట అట్లా కాదు. అక్కడ నువ్వు ఎంత బాగా ఆడినా, పదకొండు మందిలో నీ పేరు రాసేది ఒక మనిషి. ఆ మనిషి చెవిలో ఊదేవాళ్లు నలుగురు. ఒకే బస్సు, ఒకే గది, ఒకే స్నానాల గది. పాస్ ఇవ్వాలంటే పక్కోడి దిల్ ఒప్పుకోవాలి. అందుకే గోపీచంద్ లాంటి పెద్దమనిషి ఒక్కడు ఒక అమ్మాయికి జాగా ఇవ్వగలిగాడు. ఒక జట్టులో జాగా ఇవ్వాలంటే మాత్రం పదిమంది జమీర్ కావాలి, లేదా ఒక్క కెప్టెన్‌కైనా గుండె ఉండాలి. నాకు లేకపోయింది.

పెద్దలు అడుగుతారు. "దీన్‌లో అది గునా కదా, నువ్వు హలాల్ చేస్తున్నావా?" నేను మౌల్వీని కాదు, ముఫ్తీని కాదు. ఉలమా ఆ పనిని గునా అన్నారు, ఆ మాటను తిరగరాయడానికి నేనెవర్ని? మనసులో పుట్టే మొగ్గు వేరు, చేసే పని వేరు అని కూడా ఉలమాలే చెప్పారు, అది మాత్రం మనం గుర్తుపెట్టుకోం. కానీ నేను అడిగేది ఆ మస్‌అలా గురించి కాదు. మనం గ్రౌండులో చేసే పనికి దీన్‌లో ఏ హుక్ముంది?

సూరా హుజురాత్ తీసి చదవండి. ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేయడం, చెడ్డ పేర్లతో పిలవడం, అనవసరంగా అనుమానించడం, కూపీలు లాగడం, వెనక మాట్లాడటం. పక్కపక్కన ఉన్న రెండు ఆయతుల్లో ఈ ఐదూ మనా అయ్యాయి. మైకు పట్టుకున్న నా భాంజా ఒక్క మాటతో మొదటి మూడూ చేశాడు. మిగతా రెండూ మ్యాచ్ అయ్యాక చాయ్ దుకాణం దగ్గర జరిగాయి. సూరా నూర్‌లో పాకీజా ఔరత్ మీద తోహ్మత్ వేసి నలుగురు గవాహీలను తేలేనివాడికి ఎనభై కొరడాలు. నలుగురు గవాహీలు! మా దగ్గర సెమీస్ ముందు రోజు రాత్రి కూడా నలుగురే వచ్చారు, కానీ వాళ్లు చూసిందేమీ లేదు. ఆటోలో పక్కన కూర్చోవడానికి శర్మ్ అవుతుందన్న గవాహీ తప్ప.

తోహ్మత్ ఎంత దూరం పోతుందో మన తెలంగాణ పిల్లే చూసింది. నందిని అగసర. టీ అమ్ముకునే ఇంటి నుంచి వచ్చి, మన సర్కారు గురుకులంలో చదువుకున్న పిల్ల. నాగపురి రమేశ్ శిష్యురాలే. 2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఏడు ఈవెంట్ల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో బ్రాంజ్ గెలిచింది. నాలుగు పాయింట్ల తేడాతో వెనకబడ్డ మన దేశం అమ్మాయే, స్వప్న బర్మన్, తన మెడల్‌ను ఒక ట్రాన్స్‌జెండర్ చేతిలో పోగొట్టుకున్నానని సోషల్ మీడియాలో రాసింది. తర్వాత ఆ పోస్టు తీసేసింది. కానీ అంత దాకా పోయిన మాట వెనక్కి వస్తుందా? ఇరవై ఏళ్ల పిల్ల మెడల్ మెడలో వేసుకుని ఇంటికొచ్చి, నేను ఆడపిల్లనే అని లోకానికి చెప్పుకోవాల్సిన గతి. ఆ మాట నిజంగా ట్రాన్స్‌జెండర్ అయినవాళ్లకూ తిట్టుగానే తగులుతుంది, కానివాళ్లకూ తిట్టుగానే తగులుతుంది. తానా వేసేవాడికి గురి చూసే అలవాటుండదు.

ఇక మన సంగతి చూడండి. మన బిరాదరీకి ఇది తెలియని నొప్పి కాదు, అదే నా బాధ. 2021 జనవరిలో సిడ్నీలో మన సిరాజ్‌ను బౌండరీ దగ్గర జనం తిట్టారు. అప్పటికి రెండు నెలల కిందటే ఆటో నడిపి పెంచిన అబ్బా పోయారు, జనాజాకు కూడా రాలేక అక్కడే ఉండిపోయాడు. వాడు మౌనంగా ఊరుకోలేదు. కెప్టెన్ రహానేకు చెప్పాడు, రహానే అంపైర్లకు చెప్పాడు, ఆట ఆగింది, ఆరుగురిని స్టేడియం నుంచి బయటికి పంపారు. అదే ఏడాది అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడితే, జట్టులో పదకొండు మంది ఉండగా షమీ ఒక్కడికే గద్దార్ అని తిట్లు. అప్పుడు కోహ్లీ మీడియా ముందు కూర్చుని షమీ వైపు నిలబడితే మన ఇళ్లల్లో ఎంతమంది దువా చేశాం! కెప్టెన్ అంటే అదీ అనుకున్నాం. ఆ కెప్టెన్ పని నేను చేయలేకపోయాను. మనవాడి కోసం కోహ్లీ కావాలి, మన గల్లీలో మాత్రం నాలాంటి కెప్టెన్ చాలు. ఇదేం లెక్క?

నిఖత్ జరీన్ సంగతి ఇంకా దగ్గరిది. 2011లో ఆమె టర్కీలో జూనియర్ వరల్డ్ చాంపియన్ అయినప్పుడు మన కామారెడ్డి కూడా నిజామాబాద్ జిల్లాలోనే ఉండేది, అంటే మా జిల్లా పిల్లే. ఆడపిల్ల చెడ్డీ వేసుకుని మగపిల్లల్లాగా గుద్దులాటేంటి అని రిష్తేదార్లు అన్నారని వాళ్ల అబ్బా జమీల్ సాబ్ ఎన్నో చోట్ల చెప్పుకున్నారు. మా దిక్కూ ఆ మాటలు అన్నవాళ్లు లేరా? మా ఇంట్లోనే ఉన్నారు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో గెలవగానే అదే నోళ్లు మాషాఅల్లాహ్ అన్నాయి, స్టేటస్‌లు పెట్టాయి. గోల్డ్ వస్తే ఇజ్జత్, రాకుంటే బేఇజ్జతీ. ఆమె సబర్‌తో ఆడింది కాబట్టి సరిపోయింది. సబర్ చాలక మధ్యలో ఇంటికి పోయిన నిఖత్‌లు ఎంతమంది?

2023 మార్చి 26 నాకు బాగా గుర్తుంది. రంజాన్ మూడో రోజా, ఇత్వార్. నిఖత్ ఢిల్లీలో రెండోసారి వరల్డ్ చాంపియన్ అయ్యింది. అదే రాత్రి ముంబైలో మొదటి డబ్ల్యూపీఎల్ ఫైనల్. ఇంట్లో ఆడపిల్లలందరూ టీవీ ముందే. ముంబై జట్టును గెలిపించింది నాట్ సివర్-బ్రంట్, 60 నాటౌట్. వీపు మీద రెండు ఇంటిపేర్లు ఎందుకున్నాయని మా పిల్ల అడిగింది. ఇంగ్లండ్ జట్టులోనే ఆడిన కేథరిన్ బ్రంట్‌ను ఆమె 2022లో పెళ్లి చేసుకుంది, అందుకు. నేను గొంతు సర్దుకుని ఉన్నమాట చెప్పాను. "అచ్ఛా" అన్నది మా పిల్ల, మళ్లీ స్కోరు చూసుకుంది. నేను పదినిమిషాలు లోపల లోపల తయారు చేసుకున్న ఉపన్యాసం నా దగ్గరే మిగిలిపోయింది. ఆడవాళ్ల క్రికెట్‌లో ఇట్లాంటివాళ్లు చాలామంది ఉన్నారు, ఆడుతున్నారు, ఎవరి రోజా చెడిపోలేదు.

పిల్లలు చూసి నేర్చుకుంటారేమో అని భయపడే వాలిదైన్‌కు నేను చెప్పేది అదే. ఔను, పిల్లలు చూసి నేర్చుకుంటారు. నా భాంజాకు ఆ మాట సివర్-బ్రంట్ నేర్పలేదు. మా నుంచి నేర్చుకున్నాడు, నా జట్టు ముచ్చట్లు విని. తర్బియత్ అంటే ఏం చూడకూడదో చెప్పడం ఒక్కటే అయితే మన పని చాలా సులువు. ఏం అనకూడదో చెప్పడమే కష్టం, ఎందుకంటే ముందు మనం మానేయాలి.

మరి మన పిల్లలు రేపు పెద్ద జట్లలో ఆడితే రంగురంగుల జెండా కట్టుకోమంటారు కదా, అప్పుడేం చేయాలి? ఈ సవాల్ నిజమైనది, నేను దాటేయను. 2022 మేలో ప్యారిస్ జట్టులో సెనెగల్ ఆటగాడు ఇద్రీసా గేయ్ రెయిన్‌బో నంబర్ల జెర్సీ వేసుకునే మ్యాచ్‌కు రాలేదు, ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పెద్దలు సంజాయిషీ అడుగుతూ లెటర్ రాశారు. నా లెక్కలో ఆ లెటర్ తప్పు. మనిషిని గౌరవించమని అడగొచ్చు, ఒంటి మీద నిశానీ వేసుకోమని బలవంతం చేయకూడదు. అదే ఏడాది జనవరిలో ఆస్ట్రేలియాలో హనీన్ జ్రైకా చేసింది చూడండి. అక్కడి ఆడవాళ్ల ఫుట్‌బాల్ లీగ్‌లో మొదటి ముస్లిం పిల్ల. ప్రైడ్ జెర్సీ వేసుకోను, నా దీన్‌కు, నా ఖౌమ్‌కు నేను జవాబుదారీ అని చెప్పి ఆ ఒక్క మ్యాచ్ పక్కన కూర్చుంది. అదే నోటితో, ఎవరు ఎవరిని ప్రేమించినా మనుషులుగా అందర్నీ గౌరవిస్తాను అని కూడా అన్నది. జట్టు ఒప్పుకుంది. ఆ లీగ్‌లో ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు ఎంతోమంది, దాచుకోకుండానే ఆడతారు. హనీన్ వాళ్లతో కలిసే ఆడింది, బంతి అందించింది, అందుకుంది. జెర్సీ వేసుకోకపోవడం ఆమె హఖ్. పక్కన ఆడటం వాళ్ల హఖ్. రెండింటి మధ్య గొడవ ఏముంది?

మన కోసం జట్లు ఎన్నిసార్లు జాగా చేయలేదు? హాషిం ఆమ్లా సౌత్ ఆఫ్రికా జెర్సీ మీద బీరు కంపెనీ గుర్తు లేకుండా ఆడాడు, బోర్డు సరేనన్నది. 2022 జనవరిలో ఆస్ట్రేలియా యాషెస్ గెలిచి స్టేజీ మీద షాంపేన్ చల్లుకుంటుంటే ఉస్మాన్ ఖ్వాజా పక్కకు జరిగి నిలబడ్డాడు. కెప్టెన్ కమిన్స్ చూశాడు. బాటిళ్లు కింద పెట్టమని, ఖ్వాజాను పైకి రమ్మని సైగ చేశాడు. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నిసార్లు తిరిగిందో. కమిన్స్ ఇస్లాం కబూల్ చేశాడా? లేదు. షరాబ్ హరాం అని ఒప్పుకున్నాడా? అదీ లేదు. తన జట్టులోని మనిషి బయట నిలబడితే ఫొటో పూర్తి కాదనుకున్నాడు, అంతే. ఒప్పుకోవడం వేరు, జాగా ఇవ్వడం వేరు. మన నమ్మకాన్ని ఒప్పుకోనివాళ్ల నుంచి మనం ఇష్టంగా తీసుకున్నది ఈ రెండోదే. అదే ఇంకొకళ్లకు ఇవ్వాల్సి వచ్చేసరికి ఫత్వా వెతుక్కుంటాం.

ఇంకొక మాట తరచుగా వింటాను. "చేసుకునేదేదో చేసుకోనీ, బయటికి చెప్పుడెందుకు? పర్దా ఉండాలె కదా." ఎదుటివాడి ఐబ్ దాచినవాడి ఐబ్‌ను ఖయామత్ రోజు అల్లాహ్ దాస్తాడని హదీస్ ఉంది, నేనూ వింటూ పెరిగినవాణ్ణే. కానీ ఆ హదీస్ దాచమన్నది మనల్ని. లాంగాన్‌లో ఉన్న పిల్లగాడు ఏం చెప్పాడని? వాడు నోరు విప్పకముందే మనం మైకులో చెప్పేశాం. చెప్పుకోకుండా ఉండే అవకాశం మనం వాడికి మిగిల్చామా? ద్యుతీ చెప్పకపోతే ఇంట్లోవాళ్లు చెప్పేవాళ్లు. ఫషాను చెప్పకముందే డ్రెస్సింగ్ రూమ్‌లో గుసగుసలు. పర్దా చింపేది మనం, బయట కనిపిస్తున్నావేంటని అడిగేదీ మనమే. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చి ఇది జుర్మ్ కాదన్నది. ఆసఫ్‌జాహీల కాలంలో, 1329 ఫస్లీలో, హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాయించే కానూన్ మన దక్కన్‌లోనే పుట్టింది, దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. కోర్టులు రిజిస్టర్లు మూసేశాయి. మన గ్రౌండులో మాత్రం ఆ రిజిస్టర్ ఇంకా తెరిచే ఉంది, రాసేవాళ్లం మనమే.

మ్యాచ్ అయ్యాక నా భాంజాను పక్కకు పిలిచాను. ఆ మాట ఇంకోసారి మైకులో రావద్దన్నా. "ఛక్కా అనుడు బంద్ చేస్తే ఛక్కాను ఏమనాలె మామూ?" అని నవ్వాడు. సిక్సర్ అను అన్నా. "మజాక్ కదా మామూ, వాడు గూడ నవ్విండు" అన్నాడు. నవ్వాడు, నిజమే. నేనూ చూశాను. నవ్వకపోతే ఏమవుతుందో ఆ వయసుకే తెలుసు వాడికి. పదిహేనేళ్ల కింద కీపర్ కూడా నవ్వేవాడు, చివరి రోజు దాకా. ఇదంతా భాంజాకు చెబుదామని మొదలుపెట్టి, సెమీ ఫైనల్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయా. కెప్టెన్ ఎవరు మామూ అని అడుగుతాడు కదా. రెండు రోజులు ఆగి చెప్పాను. వాడు నవ్వలేదు ఈసారి. ఏమీ అనలేదు కూడా. ఆ వారం మైకు ఇంకొకడి చేతిలో ఉంది. భాంజా స్కోరు రాస్తూ కూర్చున్నాడు. లాంగాన్ పిల్లగాడు ఆడటానికి రాలేదు.

ఖాలా ఇంటికి ఈద్ ములాఖాత్‌కు ఆలస్యంగా పోయాను. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది, ఈ వయసులో కూడా. కొడుకు ఈసారి కూడా రాలేదు, కంపెనీ చుట్టీ ఇస్తలేదంట అన్నది. అదే కంపెనీలో పనిచేసే మా ఊరి ఇద్దరు ఈద్‌కు వచ్చారు, ఈద్‌గా దగ్గర నాతో గలే మిలారు. ఆ సంగతి ఖాలాకు తెలుసో లేదో నేను అడగలేదు. కత్తెర పక్కన పెట్టి ఆమే అడిగింది.

"నువ్వే కెప్టెన్‌వుండె కదా బేటా అప్పుడు. వాడు ఆట ఎందుకు బంద్ చేసిండో నీకేమన్న చెప్పిండా?"

వాడేం చెప్పలేదు ఖాలా అన్నా. అది అబద్ధం కాదు. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, మళ్లీ తునికాకు మీదికి వంగింది.